లేచి నిలబడే బలం
(కార్తిక మాసోత్సవాల సందర్భంగా ఆలయ కల్యాణమండపంలో విశ్రాంత ఫిజియోథెరపిస్టు ఒకరు భక్తులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

పురాణశ్రవణం జరుగవలసిన వేళలో ఎముకల గురించి మాట్లాడే అవకాశమిచ్చిన దేవస్థానం వారికి కృతజ్ఞురాలిని. నిన్న సాయంకాలం ఒక తల్లి నన్నడిగారు: "దేవుడి సన్నిధిలో ఈ దేహం గొడవ ఎందుకమ్మా?" అని. ఆమెకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు మా అమ్మ కథలో ఉంది. ముందుగా అది చెప్పుకుంటాను.

మా అమ్మకు యాభై ఎనిమిదో ఏట కోనేటి మెట్ల మీద కాలు జారింది. చేయి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు వేశారు, అతుక్కుంది, అందరం మరచిపోయాం. నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన ఎముక ఎందుకు విరిగిందని వైద్యులెవరూ అడుగలేదు. అప్పటికే ఆ వృత్తిలో ఉన్న నేనూ అడుగలేదు. ఆ తరువాత అమ్మకు అరవై ఆరేళ్లు వచ్చాక, ఆమె మీది ప్రేమతోనే, "అమ్మా, ఇక నువ్వు కూర్చో" అన్నాను. మేడ మీది పూజగదిని కిందికి మార్పించాను. బిందె ఎత్తనివ్వలేదు. కొండ మెట్లెక్కవద్దన్నాను. ఊరందరి చేతా వ్యాయామం చేయించి జీతం పుచ్చుకుంటూ, కన్నతల్లిని మాత్రం కుర్చీకి అప్పగించాను. ఐదేళ్లు గడిచాయి. డెబ్భై ఒకటో ఏట, పీట మీది నుంచి లేచి, హారతి పళ్లెం అందుకోవడానికి పక్కకు తిరిగిన అమ్మ అలాగే పక్కకు ఒరిగిపోయింది. తుంటి ఎముక విరిగింది. జారుడు లేదు, చీకటి లేదు, అడ్డంగా ఏ వస్తువూ లేదు. తొడల్లో లేచి నిలిచే బలమూ, తిరిగేటప్పుడు నిలదొక్కుకునే నేర్పూ ఐదేళ్లలో కరిగిపోయాయి. వాటిని కరిగించింది నా జాగ్రత్తే.

ఆమెకు శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత జరిగినది చివరలో చెబుతాను.

మన ఆయుర్వేదం సప్తధాతువులలో ఎముకను ఐదవ ధాతువుగా లెక్కించింది. సుశ్రుతసంహిత నిదానస్థానంలో ఎముక విరుగుటను పన్నెండు విధాలుగా, కీలు తప్పుటను ఆరు విధాలుగా వర్ణించారు. ధాతువనే ఆ మాట నాకెంతో ఇష్టం. ఎందుకంటే ఎముకను మనం రాయి వంటిదని, ఒకసారి ఏర్పడితే అలాగే ఉండిపోతుందని భావిస్తాం. అది తప్పు. ఎముక జీవమున్న పదార్థం. దానిలో ఒక పక్క పాత భాగాన్ని తొలచివేసే కణాలు, మరొక పక్క కొత్త భాగాన్ని పూడ్చే కణాలు నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. సుమారు ముప్పై ఏళ్ల వయస్సు వరకు పూడ్చడం ముందుంటుంది. ఆ తరువాత నెమ్మదిగా తూకం మారుతుంది. స్త్రీలలో ఋతుక్రమం ఆగిపోగానే తొలచడం ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను అంతవరకు ఆ తొలచే కణాలకు కళ్లెం వేసి ఉంచుతుంది. ఆ కళ్లెం జారినందువల్ల, తొలి ఐదారేళ్లలోనే కొందరు స్త్రీలు తమ ఎముకల సాంద్రతలో ఐదవ వంతు వరకు కోల్పోతారు. దీనినే బోలు ఎముకల వ్యాధి అంటున్నాం. నొప్పి ఉండదు, జ్వరం రాదు. విరిగినప్పుడే దాని ఉనికి తెలుస్తుంది.

ఎముకకు మరొక స్వభావమున్నది. బరువు మోసే చోట అది బలపడుతుంది, మోయని చోట సన్నగిల్లుతుంది. జర్మనీ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ఈ సంగతిని సిద్ధాంతంగా ప్రకటించాడు. దీనికి ఈనాటి నిదర్శనం అంతరిక్షయాత్రికులు. శరీరపు బరువే తెలియని ఆ చోట, ఎంతో ఆరోగ్యవంతులైన యువకులు కూడా తుంటి ఎముకలో నెలకు ఒక శాతానికి పైగా సాంద్రత కోల్పోతారు. మంచానికి పరిమితమైన మనిషికి జరిగేదీ ఇటువంటిదే. నేను మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు ఆమెను కొంచెం కొంచెంగా అంతరిక్షానికి పంపుతున్నానని నాకు తెలియలేదు.

ఇక్కడ చాలామంది తల్లులు, "నేను రోజూ పదకొండు ప్రదక్షిణలు చేస్తున్నాను కదా, ఇంకా వ్యాయామమెందుకు?" అంటారు. ప్రదక్షిణ మానవద్దు. గుండెకు, మధుమేహానికి, మనస్సుకు నడక ఎంతో మేలు. కాని నిష్కర్షగా చెప్పవలసిన మాట ఒకటుంది: కేవలం నడక వల్ల ఎముక గట్టిపడేది చాలా స్వల్పం, పడిపోకుండా ఆపే శక్తి కూడా నడకతో మాత్రమే రాదు. చదునైన నేలపై అలవాటైన వేగంతో నడవడం ఎముకకు పాత పాఠమే. దానికి కొత్త బరువు కావాలి. కండరానికి ప్రతిఘటన కావాలి. శరీరానికి తూలిపోబోయే స్థితిలో నిలదొక్కుకునే అభ్యాసం కావాలి. అలాగే ఈత కీళ్లకు హాయినిస్తుంది గాని, నీరే బరువు మోస్తుంది గనుక ఎముకకు పెద్దగా లాభం లేదు.

దీనిని నిరూపించిన పరిశోధనలు రెండు చెబుతాను. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు ఎనభై ఏళ్లు దాటిన 233 మంది స్త్రీలతో ఇంటి దగ్గరే చేసుకునే వ్యాయామక్రమాన్ని పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. ఎనభై దాటినవారని మరొకసారి మనవి చేస్తున్నాను. కాళ్లకు బలమిచ్చేవి, నిలకడనిచ్చేవి, వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి అరగంట. వాటితోపాటు కొంత నడక. ఆ క్రమం మీద జరిగిన నాలుగు పరీక్షలను కలిపి చూస్తే, పడిపోవడాలు మూడవ వంతుకు పైగా తగ్గాయి. 2019లో వెలువడిన కోక్రేన్ సమీక్ష లోకమంతటి నుంచి 108 పరిశోధనలను సేకరించి, వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గుతాయని, నిలకడ అభ్యాసానికి బలం పెంచే అభ్యాసం కూడా తోడైతే ఆ తగ్గుదల 34 శాతం వరకు ఉండవచ్చునని తేల్చింది. వృద్ధులకిచ్చే మందులలో పడిపోవడాన్ని ఇంతగా తగ్గించేది నాకు తెలిసి ఏదీ లేదు.

రెండవది ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఎముకలు పలుచబడిన 101 మంది స్త్రీలను, సగటున అరవై ఐదేళ్లవారిని, రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గం ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసింది. మరొక వర్గం శిక్షకుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, నిజంగా పెద్ద బరువులెత్తింది. ఎనిమిది నెలలకు తేలిక వ్యాయామం చేసినవారి వెన్నెముక సాంద్రత సుమారు ఒక శాతం తగ్గగా, బరువులెత్తినవారికి దాదాపు మూడు శాతం పెరిగింది. ముసలితనంలో బరువులెత్తితే ఎముకలు విరుగుతాయన్న మన భయానికి ఇది సమాధానం. అయితే ఈ మాట విని రేపే ఇంట్లో బియ్యం బస్తా ఎత్తకండి. వారికి శిక్షకులు నడుము ఎలా నిలపాలో నేర్పి, చిన్న బరువుతో మొదలుపెట్టి, వారం వారం పెంచుకుంటూ పోయారు. పట్టణాల్లో ఉండే అమ్మలకు ఫిజియోథెరపీ కేంద్రాల్లో ఆ సదుపాయం దొరుకుతుంది. దొరకనివారికి ఒటాగో పద్ధతి ఉంది. దానికి కుర్చీ, వంటగట్టు చాలు.

మీ బలం ఎంతో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతులు రెండూ రొమ్ము మీద కట్టుకొని, ముప్పై సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కించండి. మనుమలను గడియారం చూడమనండి, వారికి సరదా. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగం నిర్ణయించిన కొలత ప్రకారం అరవై ఐదు నుంచి అరవై తొమ్మిదేళ్ల స్త్రీ కనీసం 11 సార్లు, డెబ్భైలలో ఉన్నామె 10 సార్లు, ఎనభై నుంచి ఎనభై నాలుగేళ్ల ఆమె 9 సార్లు లేవగలగాలి. చేతులు ఆనించక లేవలేకపోతే లెక్క సున్నా. మా అమ్మకు శస్త్రచికిత్స తరువాత ఈ పరీక్ష పెట్టినప్పుడు వచ్చిన లెక్క అదే.

ఆ పరీక్షే మొదటి వ్యాయామం కూడా. పాదాలను మోకాళ్లకన్న కొంచెం వెనుకకు ఉంచి, ముందుకు వంగి, మడమల మీద బలం మోపి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా నెమ్మదిగా దిగాలి. పదిసార్లు చేసి, కొంత విశ్రమించి, మరొక పదిసార్లు. మొదట్లో చేతి ఊతం తీసుకున్నా దోషం లేదు. రెండవది, వంటగట్టు పట్టుకొని మడమలెత్తి మునివేళ్ల మీద నిలిచి దిగడం. పాలు పొంగే లోగా ఇరవైసార్లు అవుతుంది. మూడవది, అదే గట్టు పట్టుకొని కాలిని పక్కకు ఎత్తి దించడం. పక్కకు ఒరిగినప్పుడు మనలను నిలిపేది తుంటి పక్కనుండే ఆ కండరమే. మా అమ్మకు లోపించినది అదేనని అనుకుంటాను.

నిలకడకు సంబంధించినవి వేరు. ఒక పాదం మడమకు మరొక పాదం వేళ్లు తగిలేటట్లు, ఒకే గీత మీద నిలువండి. పది సెకండ్లు అలా నిలువలేకపోతే పడిపోయే ప్రమాదమున్నదని గ్రహించాలి. గోడ పక్కనో గట్టు పక్కనో, చేయి చాస్తే అందే దూరంలో అభ్యసించండి. అది కుదిరాక ఆ గీత మీదనే పది అడుగులు నడవండి. ఆపైన ఒంటికాలి మీద నిలవడం. తేలికగా చేయగలిగినది అభ్యాసం కాదు. కొంచెం తూలాలి, తూలినప్పుడు పట్టుకోవడానికి ఆధారం ఉండాలి. అరవై ఐదేళ్లు దాటినవారు ఇటువంటి నిలకడ, బలాల అభ్యాసాన్ని వారంలో మూడు రోజులకు తగ్గకుండా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

కోలాటం గురించి ఒక మాట. మన ఉత్సవాలలో కోలాటం ఆడే బృందాలలో అరవై దాటిన తల్లులను చూసి ముచ్చటపడుతుంటాను. అడుగు పక్కకు వేయడం, గిరుక్కున తిరగడం, పాదం నేలకు తాకించడం, లయ తప్పకుండా ఎదుటివారి కోలను అందుకోవడం: నిలకడ అభ్యాసానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. వారానికి రెండు రోజులు ఈ మండపంలోనే నేర్పితే ఎంత బాగుండును! మోకాళ్ల నొప్పులున్నవారు నెమ్మది అడుగులతో ఆడవచ్చు. మోకాలి అరుగుదలకు కూడా తొడ కండరాల బలమే మొదటి మందు. నొప్పి ఉందని కదలకపోతే నొప్పి పెరుగుతుంది.

ఇప్పుడు కొంచెం సున్నితమైన విషయం. నమస్కారం. వెన్నెముక గుల్లబారిన స్త్రీ నడుమును విల్లులా వంచి ముందుకు వంగితే, వెన్నుపూసల ముందు భాగం మీద భారమంతా పడి అవి నలిగిపోతాయి. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇటువంటి వ్యాధిగల 59 మంది స్త్రీలను పరిశీలించారు. వెన్నును వెనుకకు చాపే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి మాత్రమే వెన్నుపూసలు మరల నలుగగా, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి నలిగాయి. చిన్న పరిశోధనే, కాని వైద్యలోకం నలభై ఏళ్లుగా దానిని మరువలేదు. కాబట్టి వెన్ను గుల్లబారినదని తెలిసినవారు ముందుకు వంగి నేలకు నుదురు తాకించడం మానాలి. ముగ్గు వేసేటప్పుడు, చీపురు పట్టేటప్పుడు, బకెట్టు ఎత్తేటప్పుడు నడుము వంచక మోకాళ్లు వంచండి. అంగప్రదక్షిణ మొక్కు ఉన్నవారు అర్చకస్వాములను అడిగి మరొక మొక్కుగా మార్చుకోండి. నిలుచుని చేతులు జోడించిన నమస్కారాన్ని స్వామి స్వీకరించడని ఏ అర్చకుడూ నాతో అనలేదు. వెన్నుకు మేలు చేసేది, రోజుకు కొన్ని నిమిషాలు గోడకు వీపు, తల ఆనించి నిటారుగా నిలిచి, భుజాలను వెనుకకు లాగి పట్టుకోవడం.

ఆహారం సంగతి మీకు తెలిసినదే, త్వరగా ముగిస్తాను. ఋతుక్రమం ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. పాలు, పెరుగు, రాగులు ప్రధానం. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. పప్పు, శనగలు మానవద్దు, కండరానికి అవే ఆధారం. విటమిన్ డి తక్కువగా ఉందేమో రక్తపరీక్ష చేయించుకొని వైద్యుల సలహాపై మాత్రమే మందు వాడండి. యాభై దాటాక చిన్నపాటి పడిపోవడంతో ఎముక విరిగిన ప్రతి స్త్రీ డెక్సా పరీక్ష గురించి వైద్యులను అడుగవలెను. వ్యాధి ముదిరినవారికి మంచి మందులున్నాయి, వ్యాయామం వాటికి బదులు కాదు.

యాత్రికులకు కొన్ని జాగ్రత్తలు. గుడిలో పాదరక్షలుండవు, నునుపు రాతి మీద అభిషేక జలం, కొబ్బరినీరు, దీపపు నూనె ఉంటాయి. బయటి ఎండలో నుంచి గర్భాలయపు చీకటిలోకి రాగానే కళ్లకు కొంతసేపు ఏమీ కనబడదు, సరిగ్గా అక్కడే గడప ఉంటుంది. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగండి. వెనుకవారు తొందరపెట్టినా ఆగండి. మెట్లు దిగేటప్పుడు చదువుకునే అద్దం కలిసిన కళ్లజోడు మెట్టును మసకగా చూపుతుంది, తల వంచి చూడండి. కుచ్చిళ్లు చీలమండకు పైన ఉండేటట్లు కట్టుకోండి. ఉపవాసమున్న రోజున మధుమేహం మాత్ర, రక్తపోటు మాత్ర ఎలా వేసుకోవాలో ముందుగానే వైద్యులను అడగండి. కార్తిక సోమవారాల్లో కళ్లు తిరిగి పడినవారిని నేను ఏటా చూస్తున్నాను.

ఎవరైనా పడితే నలుగురూ చేరి లాగి నిలబెట్టకండి. తుంటి దగ్గర తీవ్రమైన నొప్పి ఉండి, పాదం బయటికి తిరిగి, కాలు పొట్టిగా కనిపిస్తే కదపకుండా ఆసుపత్రికి చేర్చండి. కాలిని గుంజడం, మర్దన, నాటు కట్టు వద్దు. తుంటి విరిగినవారికి వీలైనంతవరకు రెండు రోజుల లోపల శస్త్రచికిత్స జరగాలి. ఒక్కొక్క రోజు మంచంలో గడుస్తున్నకొద్దీ ఊపిరితిత్తులకు, రక్తనాళాలకు ప్రమాదం పెరుగుతుంది. తుంటి విరిగిన వృద్ధులలో ఐదుగురిలో ఒకరు ఏడాది లోపల మనలను విడిచిపోతున్నారని ఎన్నో దేశాల లెక్కలు చెబుతున్నాయి.

దాతలకు ఒక విన్నపం. ఈ మండపంలో పంకాలు ఇరవై ఉన్నాయి, ప్రతి పంకా రెక్క మీదా ఒక పుణ్యదంపతుల పేరున్నది, తిరిగేటప్పుడు ఆ పేర్లు చదవడం సాధ్యం కాదు. కోనేటి మెట్లకు రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ లేదు. దాని మీద పేరు వేయించుకుంటే, పట్టుకున్న ప్రతి చేతికీ తగులుతుంది. స్నానాల గదులలో గరుకు రాయి, రాత్రి దీపం, గడపలకు తెల్లరంగు గీత కూడా కావాలి. ధర్మకర్తలు నవ్వుతున్నారు, అంగీకరించినట్లే భావిస్తాను.

మా అమ్మ సంగతి. శస్త్రచికిత్స జరిగిన మరునాడే నిలబెట్టారు. నాలుగు నెలలు నడిపే చట్రంతో నడిచింది. నేను రోజూ కుర్చీ ముందు నిలిచి లెక్కపెట్టేదాన్ని, ఆమె కోప్పడుతూ లేచేది. "పడేదాకా కూర్చోమన్నావు, పడ్డాక లేవమంటున్నావు" అన్నది ఒకసారి. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఏడాదికి ఆరుసార్లు లేవగలిగింది. ఈ కొండ మెట్లు మరల ఎక్కలేదు. మహాద్వారం దాకా బండిలో వచ్చి, కర్ర పట్టుకొని ధ్వజస్తంభం దాకా నడిచి, అక్కడి నుంచే దర్శనం చేసుకునేది. అలా ఆరేళ్లున్నది.

హారతి గంట వినబడుతున్నది. కింద కూర్చున్న తల్లులు ముందుగా ఒక మోకాలు ఆనించి, పక్కనున్న స్తంభమో మనిషో పట్టుకొని లేవండి. కుర్చీలలో ఉన్నవారు చేతులు ఒళ్లో ఉంచుకొని ప్రయత్నించండి. లేచాక పది అంకెలు లెక్కపెట్టుకొని అప్పుడు అడుగు వేయండి. తొందర లేదు, అర్చకస్వాములు అందరికీ సరిపడా తీర్థం ఉంచారు.